ముందే పొయ్యి ఆర్పేసిన పరదేశి

బెల్లం వండడమంటే ఏముంది, చెరుకు రసం మరగబెట్టి దిమ్మలు పొయ్యడమే కదా అనుకునేవాళ్ళు చాలామంది ఉన్నారు. అలాంటివాళ్ళని ఒక్కసారి పెనం ముందు నిలబెట్టాలి. ఒక్క పెనం మాడ్చి, రైతు చేత నాలుగు చివాట్లు తింటే అప్పుడు తెలుస్తుంది. తెట్టు తియ్యడం, సున్నపు తేట కలపడం, పొయ్యిలోకి పిప్పి ఎగదొయ్యడం ఎవడైనా నేర్చుకుంటాడు. మంట ఎప్పుడు లాగెయ్యాలో చెప్పడం ఉంది చూసేరూ, అది కొందరికే అబ్బుతుంది. ఓ క్షణం ముందు లాగితే దిమ్మ గట్టిపడక జారిపోతుంది. ఓ క్షణం ఆలస్యమైతే నల్లబడి చేదెక్కుతుంది. తుమ్మపాల చుట్టుపక్కల ఊళ్ళలో ఆ విద్య పరదేశికి తెలిసినట్టు మరొకరికి తెలీదు.

చన్నీళ్ళలో ఒక చుక్క పాకం వేసి వేళ్ళతో ఉండ కట్టి చూడడం అందరూ చేసే పని. పరదేశికి అదీ అక్కర్లేదు. బుడగల చప్పుడు వినేవాడు, రంగు చూసేవాడు, "పాకం వొచ్చీసింది, మంట తీసీండి" అనేవాడు. అంతే, తీసెయ్యాల్సిందే. ఒకసారి ఓ రైతు "ఇంకొంచెం కానీ పరదేశీ" అన్నందుకు, "అయితే నువ్వే వొండుకో మావా, మద్దిన నేనెందుకు" అని తువ్వాలు దులుపుకుని వెళ్ళిపోయేడు. అంత పొగరు. పొగరుకి తగ్గ పనితనమూ ఉంది లెండి. అనకాపల్లి మార్కెట్లో అతను వండిన దిమ్మ పగలగొట్టి చూసేక ఎవరూ మారుమాట్లాడేవారు కాదు.

అతని పెళ్ళాం తలుపులమ్మ ఊరి బళ్ళో పిల్లలకి మధ్యాహ్న భోజనం వండేది. ఆ దంపతులకి పిల్లల్లేరు. బళ్ళో ఉన్నవాళ్ళంతా నా పిల్లలే అని తలుపులమ్మ అనేది కాదుగానీ, ఎవడికి పప్పులో మిరపకాయ తగిలితే ఏడుస్తాడో, ఏ పిల్ల అన్నం పారేసి గుడ్డు ఒక్కటే తింటుందో అన్నీ ఆవిడకి తెలుసు. ఎండాకాలం సెలవులొస్తే ఆవిడకి పొద్దు పోయేది కాదు.

ఇంట్లో ఏదొచ్చినా మొగుడూ పెళ్ళాలకి చెరిసగం. బజారునించి ఒక్క టీ తెచ్చుకున్నా గ్లాసులో సగం ఆవిడకి, మూతలో సగం ఆయనకి. ఊళ్ళో ఆడాళ్ళు ఎకసెక్కాలాడేవారు. "ఏటే తలుపులమ్మా, మీ ఆయనికి జొరమొచ్చినా నీకు సగం ఇచ్చీత్తాడేటి?" అని. తలుపులమ్మ నవ్వేసి ఊరుకునేది.

రెండువేల అయిదు, బెల్లాల సీజను. పరదేశికి దగ్గు పట్టుకుంది. "పిప్పి పొగలో ఇన్నేళ్ళు నిలబడినోడికి దగ్గు రాకపోతే ఏటొత్తాది" అన్నాడు. అదీ నిజమేనని అందరూ అనుకున్నారు. సీజను అయిపోయింది, పొయ్యిలు చల్లారేయి, దగ్గు మాత్రం చల్లారలేదు. సాయంత్రం అయ్యేసరికి ఒళ్ళు వెచ్చబడేది. పంచె జారిపోతోందని మొలతాడు బిగించుకున్నాడు. మొలతాడు కూడా వదులైపోయింది.

ఆ ఊరి అంగన్‌వాడీ టీచరు దీవెనమ్మ. ఆదివారం చర్చికి వెళ్తుంది, మిగతా రోజులు ఊళ్ళో పిల్లలవీ, బాలింతలవీ బాధలు నెత్తినేసుకుని తిరుగుతుంది. పరదేశిని బాబాయ్ అని పిలుస్తుంది. దారిలో అతను దగ్గడం చూసి ఆగిపోయింది.

"ఎన్నాళ్ళనుంచి బాబాయ్ ఈ దగ్గు?"

"పొగ దగ్గేనమ్మా."

"పొయ్యిలార్పి నెల్లాళ్ళైంది. ఇంకా పొగెక్కడిది? మూడు వారాలు దాటితే కళ్ళె పరీక్ష చేయించాలి. రేపు నాతో అనకాపల్లి రా. రాకపోతే పిన్నితో చెప్పి లాక్కెళ్తాను."

వెళ్ళేడు. పెద్దాసుపత్రిలో కళ్ళె చూసి టీబీ అన్నారు. పరదేశి పేరు రాసి ఒక పెట్టె పక్కన పెట్టేరు. ఆ పెట్టెలో మందు ఇంకొకరికి ఇవ్వరు, అతని ఒక్కడికే మొదటి బిళ్ళ నుంచి ఆఖరి బిళ్ళ దాకా. పెట్టె దీవెనమ్మకి అప్పజెప్పేరు. రోజు విడిచి రోజు ఆవిడ ఎదురుగా మింగాలి. ఊళ్ళో తెలిస్తే తలుపులమ్మ వంటపని పోతుందని పరదేశి బతిమాలితే, అంగన్‌వాడీ సెంటరుకి రావద్దు, పొద్దున్నే మా ఇంటికి రా అంది దీవెనమ్మ. ఊరందరికీ నెమ్ము చేసిందని చెప్పుకున్నాడు.

దీవెనమ్మ చాలా ఓపిగ్గా చెప్పింది. "చూడు బాబాయ్, దగ్గు ఆగడం వేరు, పురుగు చావడం వేరు. రెణ్ణెల్లకే నీకు హాయిగా ఉంటుంది. అప్పుడే జాగర్తగా ఉండాలి. అప్పు శేషం, అగ్గి శేషం, జబ్బు శేషం ఉంచుకోకూడదని పెద్దలు ఊరికే అన్లేదు. ఆర్నెల్లూ వేసుకోవాల్సిందే." పరదేశి బుద్ధిగా తలూపేడు. తలూపడానికేముంది.

ఆవిడ చెప్పినట్టే అయింది. ఒంటేలు ఎర్రగా వస్తోందని మొదట్లో హడలిపోయేడు, మందు రంగేనని ఆవిడ చెప్తే కుదుటపడ్డాడు. కడుపులో తిప్పినా, కీళ్ళు నొప్పెట్టినా ఒక్క రోజు మానలేదు. రెండు నెలలు తిరిగేసరికి జ్వరం పోయింది, దగ్గు పోయింది, ముద్ద రుచి తెలిసింది. మళ్ళీ కళ్ళె చూస్తే పురుగు కనబడలేదు. మిగిలిన నాలుగు నెలలూ వారానికో అట్ట మందు. వారంలో మొదటి మోతాదు దీవెనమ్మ ఎదురుగా మింగాలి, మిగతా రెండూ ఇంటికి తెచ్చుకుని రోజు విడిచి రోజు వేసుకోవాలి. పై వారం వెళ్ళేటప్పుడు ఖాళీ అట్ట ఆవిడకి తిరిగివ్వాలి. మనిషి మీద నమ్మకం కదా.

సరిగ్గా అప్పుడే తలుపులమ్మకి దగ్గు మొదలైంది.

వానలు పడుతున్న రోజులవి. మొదట జలుబన్నారు. తరవాత ఇద్దరూ ఏమీ అనలేదు. అనకుండానే ఇద్దరికీ తెలిసిపోయింది. ఒకే ఇల్లు, ఒకే గది, ఇన్నాళ్ళు అతని పక్కనే పడుకున్న మనిషి. సాయంత్రాలు ఆవిడ కళ్ళు ఎర్రబడి మెరుస్తుంటే పరదేశి నుదురు ముట్టి చూసేవాడు.

"దీవెనమ్మతో సెప్దామే. నీకూ ఓ పెట్టె ఇత్తారు" అన్నాడు.

"సెప్తే? వంటమ్మకి టీబీ అంటే ఏ తల్లి బిడ్డని నా సేతి అన్నం తిననిత్తాది? రేపే నన్ను మానిపించీరంటే ఇంట్లో కూకుని నేనేటి సెయ్యాల?"

"మరేటి సేద్దారి?"

పరదేశి చూరులోంచి ఆ వారం అట్ట తీసేడు. అందులో రెండు మోతాదులు ఉన్నాయి. చాలాసేపు చేతిలో పెట్టుకుని కూచున్నాడు.

ఇక్కడే అతని విద్య అతని నెత్తి మీద కూచుంది. తన ఒంటిని తను పెనంలో రసాన్ని చూసినట్టు చూసుకున్నాడు. దగ్గులేదు, జ్వరంలేదు, ఆకలేస్తోంది, ఒళ్ళు పట్టింది. ఇంకేముంది, పాకం వచ్చేసింది. వచ్చేసేక కూడా మంట పెడితే మాడిపోదూ? జీవితమంతా అతను చెప్పిన ఆ ఒక్కమాటా ఎప్పుడూ తప్పలేదు. ఇప్పుడు మాత్రం ఎందుకు తప్పుతుంది?

"నాకు తగ్గిపోయిందే. ఇంక ఇవి నాకు దండగ. నువ్వేసుకో" అన్నాడు.

"నీకు మళ్ళీ తిరగబెడితే?"

"నాకు తెల్దేటి నా ఒళ్ళు? టీచరమ్మ కాడ వారానికోటి మింగుతానే ఉన్నాను గదా. అది నాకు సాలు."

తలుపులమ్మ చెయ్యి చాపింది. అతను బిళ్ళలు అట్టలోంచి నొక్కి ఆవిడ అరిచేతిలో పెట్టేడు, చెంబుతో నీళ్ళు ఇచ్చేడు. అన్నీ చెరిసగం చేసుకున్న జంట, మందు మాత్రం తన వాటాకంటే ఆవిడకి ఎక్కువే ఇచ్చేడు. ఎంత ప్రేమో చూడండి. కొరివితో తల గోక్కోవడం అంటే ఇదే. వాళ్ళని తిట్టాలనే అనిపిస్తుంది. తిడదామంటే నోరు రాదు.

ప్రతి వారం ఖాళీ అట్ట తీసుకెళ్ళి దీవెనమ్మకి ఇచ్చేవాడు. ఆవిడ చూసి మురిసిపోయేది. "అందరూ నీలా ఉంటే మాకు సగం పని తగ్గును బాబాయ్" అనేది. పరదేశి నేల చూపులు చూసేవాడు. సిగ్గనుకునేది ఆవిడ.

తలుపులమ్మకి ఓ నెలపాటు బాగానే ఉంది. దగ్గు సగానికి తగ్గింది. చూసేవా అన్నట్టు పరదేశి గర్వంగా తిరిగేడు. పొయ్యి దగ్గర ఆవిడ ముక్కూ నోరూ మూసుకునేలా కొంగు చుట్టుకుని వండేది, వడ్డన మాత్రం ఇంకొకరికి అప్పజెప్పేది. పొగ పడట్లేదని చెప్పేది. ఆర్నెల్లు పూర్తయ్యేయి. పరదేశి కళ్ళె మళ్ళీ చూసేరు, బాగుందన్నారు. పెట్టె ఖాళీ. ఇంక చూరులో అట్ట లేదు.

చలి మొదలయ్యేసరికి ఆవిడ దగ్గు తిరిగొచ్చింది. ఈసారి తగ్గుముఖం పట్టే దగ్గు కాదు. మాఘమాసంలో ఒకరోజు బళ్ళో అన్నం వార్చబోయి అక్కడే కూలబడింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంటే కొంగంతా నెత్తురు. హెడ్మాస్టరే ఆటో పిలిచి అనకాపల్లి పంపించేరు. దీవెనమ్మ వెంట వెళ్ళింది.

కళ్ళె నిండా పురుగులున్నాయన్నారు. డాక్టరు కుర్రాడే, మంచివాడు. మందు రాసే ముందు అడిగేడు.

"ఇంతకుముందు ఎప్పుడైనా టీబీ బిళ్ళలు వేసుకున్నావామ్మా? కొన్నాళ్ళైనా సరే, చెప్పు. దాన్ని బట్టి మందు మారుతుంది."

తలుపులమ్మ మొగుడి మొహం చూసింది. గోడవార నిలబడ్డ దీవెనమ్మని చూసింది. ఔనంటే ఎవరి బిళ్ళలంటారు. పరదేశివి అంటే దీవెనమ్మ మాట పోతుంది, మొగుడి పరువు పోతుంది.

"లేదు బాబూ" అంది.

పరదేశి నోరు తెరిచేడు. తెరిచి మూసేసేడు. ఆ ఒక్క క్షణం గురించి తరవాత అతను ఎన్నిసార్లు తల బాదుకున్నాడో లెక్కలేదు.

కొత్త మనిషికి ఇచ్చే మందే ఇచ్చేరు. ఈసారి ఆవిడ పేరు మీద పెట్టె. ఊరంతా తెలిసిపోయింది. తెలిస్తే ఏమయిందో వినండి. ఎవరూ ఏమీ అనలేదు. బడి పిల్లలందర్నీ పరీక్ష చేసేరు, దేవుడి దయవల్ల ఒక్కడికీ ఏమీ లేదు. ఒకరిద్దరు తల్లులు నాల్రోజులు గునిసేరు, అంతే. హెడ్మాస్టరు ఇంటికొచ్చి, గుమ్మంలో నిలబడి, "మందు వేసుకో తలుపులమ్మా. డాక్టరు పర్వాలేదన్నాక రా. అందాకా అప్పలనర్సమ్మ వండుతుంది, నీ పని ఎక్కడికీ పోదు" అని చెప్పి వెళ్ళేరు.

ఆయన అటు వెళ్ళగానే తలుపులమ్మ గోడకేసి తిరిగి ఏడ్చింది. దేనికి భయపడి దాచుకున్నారో ఆ భయంలో పస లేదని తేలిపోయింది. ఈ మాట ఓ ఆర్నెల్లు ముందు తెలిస్తే ఎంత బాగుండును. పరదేశి ఆవిడ పక్కన కూచున్నాడు.

ఆవిడ ఒక్క మోతాదు కూడా మానలేదు. నిజంగానే మానలేదు. అయినా అయిదో నెలలో కళ్ళె చూస్తే పురుగు అలాగే ఉంది. సూదులు కలిపి రెండో రకం మందు మొదలెట్టేరు. పిర్రలు రాయిలా అయిపోయేదాకా సూదులు వేయించుకుంది. చెవుల్లో హోరు అనేది. మనిషి చాపకి అతుక్కుపోయింది. పరదేశి ఆ ఏడు బెల్లాలకి వెళ్ళలేదు. రైతులు వచ్చి పిలిస్తే చెయ్యి అడ్డంగా ఊపేడు.

అప్పుడు డాక్టరు ఆవిడ కళ్ళె పెద్ద పరీక్షకి పైకి పంపించేడు. జవాబు రావడానికి చాలా కాలం పట్టింది. వచ్చేక పరదేశిని వరండాలోకి పిలిచేడు.

"పరదేశీ, ఈ పురుగు ముదిరిపోయింది. మన దగ్గరున్న బిళ్ళలకి లొంగదు. దీనికి వేరే మందులున్నాయి, అవి మన జిల్లాలో ఇంకా ఇవ్వట్లేదు. ఎప్పుడొస్తాయో నాకూ తెలీదు. నాకు అంతు పట్టనిది ఏమిటంటే, ఎన్నడూ మందు ముట్టని మనిషికి ఇంత మొండిది ఎలా వచ్చిందని."

పరదేశి చెప్పేసేడు. అట్ట సంగతి, వారానికి రెండు మోతాదుల సంగతి, పాకం సంగతి, అన్నీ.

డాక్టరు కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది. ఇలా అన్నాడు, "నువ్వు అప్పుడు ఇంటికి తెచ్చుకున్నవి రెండు రకాలే, చివర్లో మిగిలిన కాసిని పురుగుల్ని ఏరెయ్యడానికి. ఆమెకి ఒళ్ళంతా పురుగే. నాలుగు రకాలు కలిపి కొట్టాలి. రెండింటితో కొడితే చచ్చినవి చచ్చేయి, మిగిలినవి రాటుదేలిపోయేయి. మొదట అడిగినప్పుడు చెప్పి ఉంటే సూదుల మందుతోనే మొదలెట్టేవాళ్ళం. అప్పుడైనా తగ్గేదని గ్యారంటీగా చెప్పలేను." పరదేశికి ఆఖరి మాట వినబడలేదు. చెప్పి ఉంటే అన్న మాట దగ్గరే అతని చెవులు మూసుకుపోయేయి.

డాక్టరు మళ్ళీ అన్నాడు, "నువ్వూ వారానికి ఒకటే మింగేవన్నమాట. దగ్గుతున్నావు కూడా. కళ్ళె ఇచ్చి వెళ్ళు."

పరదేశికి తిరగబెట్టింది. అయితే అతని పురుగు మొండిది కాదు, మందుకి లొంగుతుందన్నారు. ఎనిమిది నెలల మందు, మొదట్లో సూదులు. అతని పేరు మీద మళ్ళీ పెట్టె వచ్చింది. దీవెనమ్మకి సంగతంతా అతనే చెప్పుకున్నాడు. ఆవిడ "ఖాళీ అట్టలు చూసి మురిసిపోయేను గానీ, పిన్ని ఎందుకు దగ్గుతోందని ఒక్కసారి అడగలేదు. నన్ను ప్రభువు క్షమించాలి" అని కళ్ళు తుడుచుకుంది. ఈసారి మోతాదు మోతాదుకీ తనే ఇంటికొచ్చేది.

పరదేశి మొదటి రోజు బిళ్ళలు ముట్టుకోలేదు. "దానికి పని సెయ్యని మందు నాకెందుకు" అన్నాడు.

లోపల చాప మీంచి తలుపులమ్మ పిలిచింది. అప్పటికి గొంతు సన్నగా అయిపోయింది. "ఇలా నా కాడికొచ్చి కూకో. నా ఎదర మింగు."

"నావల్ల కాదే."

"నేనున్నన్నాళ్ళూ నా ఎదర మింగాల. నేను పోయినా మింగాల. నువ్వు సేసింది నామీద పేనంతోటే సేసేవు, నాకు తెల్దేటి? ఇద్దరం ఒకలాగే పోదారని మాత్రం సూడకు. నేనొప్పుకోను."

మింగేడు. ఒక్కోటీ నోట్లో వేసుకోవడం, ఆవిడ చూడడం. అన్నీ అయ్యేదాకా రెప్ప వాల్చేది కాదు. అతనికి రోజురోజుకీ ఆకలి పెరిగింది, ఆవిడకి గంజి కూడా దిగడం మానేసింది. ఒకే గదిలో, ఒకే చాప పక్కన, ఒకరికి మందు పని చేస్తోంది, ఒకరికి చెయ్యట్లేదు. తన ఒంట్లోకి వస్తున్న బలాన్ని చూసి పరదేశి అసహ్యించుకునేవాడు.

వైశాఖంలో ఎండలు మండుతున్నప్పుడు తలుపులమ్మ పోయింది. పొద్దున్న పదింటికి, బడి లేని రోజుల్లో. చిన్నదినం నాడు దీవెనమ్మ మందు పట్టుకొచ్చింది. చుట్టాల మధ్య ఎలా ఇవ్వాలో తెలీక గుమ్మంలో తటపటాయించింది. పరదేశే లేచి వచ్చి చెయ్యి చాపేడు. తలుపులమ్మ చెప్పిన మాట కోసం మింగేడు. తరవాత కూడా ఒక్కటీ మానకుండా మింగేడు.

దసరాలు వెళ్ళిపోయేక అతని ఆఖరి పరీక్ష అయింది. కాగితం తీసుకుని దీవెనమ్మ సాయంత్రం వచ్చింది. పరదేశి అరుగు మీద కూచుని ఉన్నాడు, ఒళ్ళు పట్టి, మనిషి నిండుగా ఉన్నాడు. చాలా రోజులకి ఒక మంచి మాట చెప్పబోతున్నానని ఆవిడ గొంతు కొంచెం తేలికపడింది.

"బాబాయ్, నీకు పూర్తిగా తగ్గిపోయింది. ఇంక మందు అక్కర్లేదు."

పరదేశి ఆ కాగితం కేసి చూడలేదు.

"ఈ మాట నేనప్పుడే అనీసుకున్నాను టీచరమ్మా" అన్నాడు. "అనీసుకునే, దాన్ని సంపుకున్నాను."